జీడిగింజకు శక్తి లేదన్నాను

పసిపాప మణికట్టుకు నల్లదారంతో కట్టిన జీడిగింజను చూసి మీరు చివరిసారి ఏమన్నారు? మూఢనమ్మకం అన్నారా? అని నవ్వి, నవ్వినందుకు మిమ్మల్ని మీరు మెచ్చుకుని ముందుకు పోయారా?

నేను అంతకంటే ఎక్కువే చేశాను. అందుకు సిగ్గుపడుతూ ఇది రాస్తున్నాను. నమ్మకం మూఢమైనదే, ఆ మాట వెనక్కి తీసుకోను. గింజ దిష్టిని ఆపదు. దిష్టి అనేది ఉంటే కదా ఆపడానికి! కానీ ఆ మాట నెగ్గించుకోవడానికి నేను పదిమందిలో ఒక అబద్ధం చెప్పాను. పొరపాటున నోరు జారిందని కొన్నాళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటు నిలవలేదు. ఎందుకంటే కామారెడ్డిలో కాలేజీ పిల్లలకు ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని నేను. జీడి కుటుంబం నా పాఠం.

ఆ కుటుంబం మీకూ తెలుసు. మామిడి అందులోదే. ఎండాకాలం అడవి నుంచి గంపల్లో వచ్చే మొర్రిపండు అందులోదే, దాని గింజ పగలగొడితే వచ్చేదే సారపప్పు. కొమ్మ నరికి పొలం గట్టున పాతితే చిగిర్చే గుంపెన అందులోదే. మిఠాయిల్లో వేసే కాజు కూడా అందులోదే, కాకపోతే అది సముద్రం దాటి వచ్చిన చెట్టు. వచ్చి మన జీడి పేరు తను పెట్టుకుంది. అసలు జీడి, మనవాళ్లు నల్లజీడి అనేది, ఎల్లారెడ్డి అడవిలో టేకుల మధ్య ఎవరినీ పట్టించుకోకుండా నిలబడి ఉంది. జానెడుకు మించిన ఆకులు, ఆకు అడుగున బూడిద తెలుపు. వానాకాలంలో ఆకుపచ్చ కలిసిన తెల్లటి చిన్న పూలు గుత్తులుగా పూస్తాయి. మగపూలు ఎక్కువగా ఒక చెట్టుకు, ఆడపూలు ఇంకో చెట్టుకు. ఈగలూ తేనెటీగలూ మధ్యవర్తిత్వం చేస్తే చలికాలానికి కాయ తయారవుతుంది. కాయ అంటే పైన నారింజరంగు మెత్తటి కండ, దాని కొసన నల్లగా మెరిసే గింజ. కండ కాల్చుకుని తింటే తియ్యగా ఉంటుంది. గుడ్డెలుగులూ పిట్టలూ ఆ కండ కోసమే వస్తాయి, గింజను ఎక్కడో జారవిడుస్తాయి. చెట్టుకు కావలసింది అదే.

ఈ కుటుంబానికి ఇంటిగుణం ఒకటుంది. బెరడులో, ఈనెల్లో, కాయ తొక్కలో సన్నటి నాళాలు, వాటిలో జిగట రసం. మామిడికాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన అదే. చిన్నప్పుడు మన పెదవుల మూలల్లో పుండ్లు చేసింది అదే. చెట్టు దాన్ని మనమీద కోపంతో చేసుకోలేదు. తొలిచే పురుగు నోరు అంటుకుపోవాలి, బెరడుకు తగిలిన గాయం మూసుకుపోవాలి, అందుకు చేసుకుంది. నల్లజీడిలో ఆ రసం మరీ ఘాటు. గింజ పెంకు పొరల మధ్య చిన్న చిన్న గదుల్లో చిక్కటి నూనెలా దాగి ఉంటుంది. గాలి తగిలితే కాటుకలా నల్లబడుతుంది. బట్టలు కలిసిపోకుండా చాకలివాళ్లు దానితోనే గుర్తులు పెట్టేవాళ్లు. బట్ట చిరిగినా గుర్తు పోయేది కాదు. ఇంకో సంగతి, ఇది ముఖ్యం: ఆ రసం అందరి చర్మాన్నీ ఒకేలా చూడదు. కొందరికి ముట్టుకున్న కాసేపటికే మంట. చాలామందికి ఒకటి రెండు రోజులు ఆగి బొబ్బలు. ఒకసారి తాకితే ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని, మరోసారి తాకినప్పుడు రెట్టింపు రేగుతుంది. కొద్దిమందికి ఏమీ కాదు.

ఇదంతా బోర్డు మీద బొమ్మ గీసి, గదుల దగ్గర బాణం గుర్తు పెట్టి చెప్పాను. పరీక్షలో అడిగాను. తప్పు రాసిన పిల్లల మార్కులు కోశాను.

మరి అంత తెలిసినదాన్ని ఎందుకు అలా చేశాను? దానికి మా బాపు, అంటే మా నాన్న, కొంత, నేను చాలా కారణం. బాపు నన్ను చిన్నప్పటి నుంచి చర్చాసభలకు తీసుకుపోయేవాడు. దయ్యాలు లేవని, బాణామతి అబద్ధమని, కులం మనిషి కట్టిన గోడ అని అక్కడే నేర్చుకున్నాను. ఆ చదువుకు ఈ రోజుకూ రుణపడి ఉన్నాను. కానీ అక్కడే ఇంకో పాడు అలవాటు కూడా అంటుకుంది. వాదనలో ఎదుటివాడికి ఒక్క అంగుళం కూడా ఇవ్వకూడదు. అతను పది మాటలంటే పదీ కొట్టెయ్యాలి. తొమ్మిది తప్పు, ఒకటి ఒప్పు అన్నావంటే జనం ఆ ఒక్కటే పట్టుకుని పోతారు. ఇది మాకు అప్పట్లో యుద్ధనీతి. నాకు అది ఒంటిరంగైపోయింది.

మా అన్న ఊరు ఎల్లారెడ్డి దాటాక, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. అన్నకు రెండెకరాల చేను. వదిన బీడీలు చేస్తుంది. పెళ్లై వచ్చిన నాటినుంచీ చూస్తున్నాను, చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం, ఇవేవీ ఆమె చూసి చెయ్యదు. చూపు మన మొహం మీద, మాట మన మీద, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. ఆ ఇంట్లో ఏ ఏడు పంట పోయినా పొయ్యి మండింది ఆ పది వేళ్ల వల్లే.

చలి వెనకపట్టు పట్టిన రోజుల్లో అన్న బిడ్డ, అంటే నా మేనకోడలు, పుట్టింట్లో కాన్పై ఆడపిల్లను కన్నది. పిల్లను ఉయ్యాలలో వేసే తొట్టెల కార్యానికి కామారెడ్డి నుంచి పొద్దున బస్సుకే వెళ్లాను. వాకిట్లో టెంటు, ఆడవాళ్లు, పాటలు. పిల్లను తొట్టెలలో వేసే ముందు పక్కింటి ముసలవ్వ కొంగుముడి విప్పింది. నల్లదారం, దానికి గుచ్చిన జీడిగింజ. ఆ వాడలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆమె చేతి దారమే. పెద్ద మనసున్న మనిషి, ఒంటరిది.

"ఆగవ్వా, గదేంది?" అన్నాను.

"జీడిగింజ బిడ్డా. దిష్టి తగలకుంట."

"గింజ దిష్టిని ఎట్లాపుతది? తలుపుకాడ నిలబడ్డ పోలీసోడా?"

ఆడవాళ్లు నవ్వారు. నవ్వు వినగానే నాలో బాపు సభల రక్తం పొంగింది.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి," అంది అవ్వ. "అండ్ల శక్తి ఉన్నది. ఉట్టి గింజైతే ముట్టుకున్నోళ్ల చెయ్యెందుకు కాలుతది?"

ఇక్కడ ఒక్కసారి ఆగండి. అవ్వ నా చేతికి గెలుపు తెచ్చి ఇచ్చింది. "అవునవ్వా, కాలుతది. పెద్దోళ్ల చెయ్యే కాలితే పసిగుడ్డుకు ఎట్ల కడతవు?" అంటే అయిపోయేది. నిజం చెప్పినట్టయ్యేది, దారం ఆగేది, అవ్వ మర్యాదా దక్కేది. కానీ అలా అంటే అవ్వ చెప్పిన పదింట్లో ఒకటి ఒప్పుకున్నట్టు కదా! నా నోటినుంచి వచ్చింది ఇది:

"ఎవల చెయ్యి కాలింది? అంతా భయం. చింతగింజెంతో ఇదీ అంతే. దీనికి ఏ శక్తీ లేదు."

"అయితే చెట్టుకాడికే పోదాం పా," అంది ఎవరో చేతిలో పళ్లెం ఊపుతూ. తొట్టెల ఆగిపోయింది. ఊరేగింపులా ఇంటి వెనక చేను దాటి నడిచాం. అందరికీ సరదాగా ఉంది.

అడవి అంచున ఆ జీడిచెట్టు ఉంది. చుట్టూ ఎన్నో చెట్లు గొడ్డలికి పోయాయి. మొర్రిచెట్లను కాయల కోసం కొమ్మలతో సహా విరిచేస్తారు, పండేదాకా ఆగితే పక్కూరివాళ్లు కోసుకుపోతారని పచ్చివే దులిపేస్తారు. గింజ నేలకు పడదు, కొత్త మొక్క లేవదు. జీడి మీద మాత్రం ఎవరూ గొడ్డలి ఎత్తరు. రసం చిమ్మితే మొహం వాస్తుందని భయం. ఆ భయానికి ఊరు ఒక చుట్టరికం తొడిగింది. చెట్టు కిందికి పోయే ముందు మోచేతుల దాకా ఆముదం రాసుకోవాలి, "మేనమామా, నీ మేనకోడల్నే, నన్ను కొట్టకు" అని మొక్కి అప్పుడు గింజ ముట్టుకోవాలి.

"మేనమామైతే ఎన్నడన్న పండుగకు చీర పెట్టిండా?" అన్నాను. మళ్లీ నవ్వులు.

అవ్వ ఇంట్లోంచి ఆముదం గిన్నె తెచ్చి ఉంది. నా ముందు పెట్టింది. "మొక్కకుంటె మానె బిడ్డా, నూనె రాసుకో."

"నూనె రాసుకుంటే ఇంక పరీక్షేముంటదవ్వా?" అని గిన్నె పక్కకు జరిపాను. మొక్కునూ నూనెనూ ఒక్క మాటతో తోసేశాను. మొక్కు ఉత్తదే. నూనె ఉత్తది కాదు, రసం చర్మంలోకి దిగకుండా ఎంతోకొంత అడ్డుపడుతుంది. ఇది కూడా నాకు తెలుసు.

కింద రాలిన గింజ ఒకటి తీసి రాయి మీద పగలగొట్టి అరచేతికి రుద్దుకున్నాను. అది ఎండిన గింజ. నల్లటి మరక పడీపడనట్టు పడింది. చెయ్యి ఎత్తి చూపించాను.

"నీ చెయ్యి చాక్‌పీసు చెయ్యి, దానికేం దెలుస్తది!" అన్నది ఒకామె.

ఆ మాటకు నాకు రోషం వచ్చింది. "వదినా, నువ్వు రా," అన్నాను.

వదిన వచ్చింది. కొంగు నడుముకు దోపుకుంటూ, వచ్చే నవ్వు ఆపుకుంటూ. ఆ ఊళ్లో అంతకుముందు ఎప్పుడూ ఆమె నలుగురి ఎదుట ఒక పక్షాన నిలబడలేదు. ఆ రోజు నా పక్షాన నిలబడింది. "మా ఆడిబిడ్డ సదువుకున్నది. అది కాలదంటే కాలదు," అంది వాళ్లతో. నాతో మాత్రం మెల్లగా, "ఓ పంతులమ్మా, నిజంగనే ఏం గాదు గదా?" అంది.

"ఏం గాదు."

ఆమెకు ఎండు గింజ ఇవ్వలేదు నేను. మరక స్పష్టంగా కనబడాలని కొమ్మ మీది పచ్చి గింజ కోయించాను. చితకగానే రసం కారింది. వదిన దాన్ని సబ్బులాగా రెండు చేతులకూ, వేళ్ల సందులకూ, చేతుల వెనక వైపుకూ రుద్దుకుని, "అబ్బ, ఏం జేసిండ్రా మేనమామ!" అని అందరినీ నవ్వించింది. చప్పట్లు కొట్టారు. అవ్వ దారం మళ్లీ కొంగున ముడేసుకుంది. పిల్ల చేతికి ఏమీ కట్టకుండానే తొట్టెలలో వేశారు. నేను సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని కామారెడ్డి దాకా గెలుపును నెమరువేసుకుంటూ వచ్చాను.

మూడోనాడు అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, మీ వదిన చేతులు వాసినయి. బొబ్బలు లేసినయి. నీకేమన్న అయ్యిందా?"

"నాకేం కాలేదన్నా. కార్యంల అంట్లు తోమింది గద, సబ్బు పడలేదేమో," అన్నాను.

చూడండి, అప్పటికి కూడా! ఫోటో పంపమన్నాను. వచ్చింది. వేళ్ల సందుల్లో నీటిబొబ్బలు, వాటి మధ్య నల్లటి మరకలు, వేళ్లు ఒకదానికొకటి తగలకుండా చాపి పట్టుకుని ఉంది. నేను గీసిన బొమ్మలోని బాణం ఆ ఫోటోలో కనబడింది నాకు. వెంటనే పిలిపించి కామారెడ్డిలో చర్మాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అతను చెయ్యి తిప్పి చూసి, "దేన్ని ముట్టుకున్నవమ్మా?" అన్నాడు.

‘నేను నోరు తెరిచేలోగా’ అని రాయాలని ఉంది. అది నిజం కాదు. నాకు కావలసినంత సమయం ఉంది. వదిన నా మొహం చూసింది. తర్వాత డాక్టరుతో, "జీడి సారూ," అంది.

"తెల్సి తెల్సి జీడినెందుకు ముట్టుకున్నవు?"

"మొక్కు ఉండె సారూ. మొక్కు తీర్చుకున్న."

నన్ను కాపాడటానికి ఆమె వెతుక్కున్న అబద్ధం అది! ఏ మొక్కును నేను చెట్టు కింద ఎగతాళి చేశానో ఆ మొక్కునే నాకు అడ్డం పెట్టింది. నేను డాక్టరు బల్ల మీది మందు డబ్బాల పేర్లు చదువుతూ కూర్చున్నాను. బయటికి వచ్చాక "అట్లెందుకన్నవు వదినా?" అని అడిగితే, "మల్ల నిన్నేమననియ్యాల్నా పెద్దమనిషి ముందట?" అని తిట్టింది. పట్టీలు కట్టిన చేతులతో ఆటో ఎక్కలేక, నా భుజానికి మోచెయ్యి ఆనించి ఎక్కింది.

బీడీ పని ఆగిపోయింది. తంబాకు దుమ్ము పడితే పుండ్లు మండిపోతాయి, తడి ఆకు ముట్టుకోలేదు. చాట గోడకు ఆనించి ఉంది. చేతులు మామూలుగా తిరిగి వస్తాయా, వేళ్ల కొసలకు మునుపటి స్పర్శ ఉంటుందా, డాక్టరు గట్టిగా చెప్పలేదు. అది చాలదన్నట్టు ఆ వారంలోనే ఎదురింటివాళ్ల చూడి బర్రెకు కడుపు పోయింది. ఊరికి లెక్క కుదిరింది. చెట్టును ఎగతాళి చేశారు, మామకు కోపం వచ్చింది, ముందు చేతుల మీద చూపించాడు, తర్వాత గొడ్డు మీద. ఇంకా ఎవరి మీద చూపిస్తాడో! ఎదురింటాయన అన్నతో మాట్లాడటం మానేశాడు. వదిన నీళ్లకు పోతే పక్కకు జరిగారట. ఎగతాళి చేసినదాన్ని నేను. కానీ నేను బస్సెక్కి పోయేదాన్ని కదా, నింద ఊళ్లో ఉండేవాళ్లకే మిగిలింది.

పెద్దలు కూర్చుని, వదిన చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి తప్పు ఒప్పుకోవాలన్నారు. ఆ పొద్దున నేను వెళ్లాను. ఆపడానికే వెళ్లానని అన్నకు చెప్పాను. దారిపొడవునా మాటలు కూర్చుకున్నాను. అక్కడికి పోయాక ఆ మాటలన్నిటికీ మొదట ఒక వాక్యం రావాలని తెలిసింది. "ఈ గింజ చర్మాన్ని కాలుస్తుంది, ఆ సంగతి నాకు ముందే తెలుసు" అనే వాక్యం. అది అనకుండా మిగతా ఏదీ అనలేను. చెట్టుకు కోపం లేదంటే, మరి చేతులెట్ల కాలినయి అంటారు. రసం అంటే, ఆనాడు రసం లేదంటివి గదా అంటారు. నన్ను నేను ఎటూ కదలలేని చోట కట్టేసుకున్నాను.

అవ్వ వదిన భుజం పట్టుకుని ఉంది. ఆమె మొహంలో పగ లేదు, ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. "ఒక్క మాటను బిడ్డా, తప్పయిందను. సల్లగైతది," అని బతిమాలుతోంది. వదిన మోకాళ్ల మీద కూర్చుంది. వంగే ముందు తల తిప్పి నా వైపు చూసింది. నేను ఏమైనా అంటానేమోనని చూసింది. నేను చెట్టు వైపు చూశాను. రాలిన ఆకుల్లో ఒకటి వెల్లకిలా పడి ఉంది. దాని అడుగు వైపు ఈనెల్ని చూస్తూ నిలబడ్డాను, పాఠం చెప్పబోయేదానిలా.

దండం పెట్టమన్నారు. పట్టీలు కట్టిన చేతులు ఒకదానికొకటి ఆనలేదు. రెండు గుడ్డమూటల్ని గాల్లో దగ్గరకు తెచ్చి, "తప్పయింది మామా," అంది వదిన.

అక్కడితో అయిపోలేదు. ఇక మామ శాంతించాడని, మేనకోడలు పిల్లను ఎత్తుకొచ్చి చెట్టు మొదట్లో కూర్చుంది. అవ్వ కొంగుముడి విప్పి ఆ దారమే పిల్ల మణికట్టుకు కట్టింది. మేనకోడలు నా వైపు చూడలేదు. పిల్ల చెయ్యి గుప్పిట పట్టి నోట్లో పెట్టుకుంది, ఆ వయసు పిల్లలందరూ పెట్టుకున్నట్టే. నేను చూశాను. చూసి, బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను.

బస్సు లింగంపేటలో ఆగింది. నా ముందు సీట్లో ఒక తల్లి ఒళ్లో పిల్లవాడు కమ్మీని నాకుతున్నాడు. ఆమె వాడి మూతి తుడుస్తుంది, వాడు మళ్లీ నాకుతాడు. ఆ గింజ ఎండిందే, కానీ పెంకులో రసం ఉందో లేదో చూసినవాళ్లు లేరు. వదిన చేతుల మీద అయింది ఆ నాలుక మీద అయితే? నాకు ఏమీ కాలేదు కాబట్టి ఆ పిల్లకూ కాదా? నా పక్కన కూర్చున్నావిడ "దిగుతరా?" అని అడిగితేగాని నేను లేచి నిలబడ్డానని నాకు తెలియలేదు. దిగి, ఎల్లారెడ్డి పోయే బస్సెక్కాను.

వెళ్లేసరికి అన్న వాకిట్లో పొద్దుటి జనం ఇంకా ఉన్నారు, అన్నాలు తింటున్నారు. "ఏం మరిచిపోయినవే?" అంది వదిన. మేనకోడలు ఆమెకు ముద్దలు కలిపి పెడుతోంది.

"ఒక మాట చెప్పేదుండె," అన్నాను. "అవ్వా, తొట్టెలనాడు నువ్వు చెప్పిందే నిజం. జీడికి చెయ్యి కాలుతది. నాకు ముందుగాలే తెల్సు. పిల్లలకు నేనే పాఠం చెప్పిన. నీ మీద గెలవాలని కాలదన్న. వదినకు పచ్చి గింజ నేనే ఇచ్చిన. చెట్టు తప్పు లేదు, వదిన తప్పు లేదు. మామ గిట్ల ఏం కొట్టలేదు. కాయల ఉన్న రసం. మామిడి సొన మూతికి తగిలితే పొక్కుతది గదా, గదే జాతి, గంతకంటె బలమైంది. పొల్ల చెయ్యి నోట్లె పెట్టుకుంటది. దండం పెడత, ఇప్పియ్యుండ్రి."

అవ్వ విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుంది. నా దగ్గరికి వచ్చి మొహంలోకి చూసింది.

"గీ మాట ఆనాడే అంటే ఆనాడే ఇసిరి పారేద్దును గదా బిడ్డా! నువ్వు శక్తి లేదు, శక్తి లేదు అంటివి. ఏ శక్తీ లేకపోతె కడితె ఏమాయె, పానం నిమ్మళమన్న ఉంటది అనుకున్న."

నా జీవితంలో ఏ సభలోనూ నాకు ఇంత తిన్నని జవాబు ఎదురుకాలేదు. నా మాటనే పట్టుకుని, దాని వెంటే నడిచి, ఆమె పిల్లకు గింజ కట్టింది. ఆమె తర్కంలో పొల్లు లేదు. నేను ఇచ్చిన సరుకే కల్తీది.

అవ్వ బీడీల కత్తెరతో దారం తనే కత్తిరించింది. పిల్ల మణికట్టు మీద ఇంకా ఏమీ కాలేదు. మేనకోడలు తడిగుడ్డతో పదిసార్లు తుడిచింది.

"మరి నా బర్రెకెందుకట్లాయె?" అన్నాడు ఎదురింటాయన.

"తెల్వదు," అన్నాను.

"గంత సదివి తెల్వదంటవా!"

"తెల్వదే. పశువుల డాక్టరునడగాలె."

అందరూ నవ్వారు. ఈసారి నా మీద. ఆయన నమ్మాడని నేను అనుకోను. ఆ తర్వాత కూడా చెట్టుకు పసుపు పెడుతూనే ఉన్నారు. కానీ వదినతో మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఆమె మాత్రం ఆ రోజు నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. "ఇప్పుడన్న నోరు తెర్సినవు. గదే పొద్దున తెరిస్తే నా మోకాళ్లకు మన్నంటకపోవు," అంది, నా వైపు చూడకుండా.

ఇప్పుడు ఆమె చేతులకు కొత్త చర్మం వచ్చింది, అక్కడక్కడ నల్లగా. బీడీలు చేస్తోంది. అయితే చేతుల వైపు చూస్తూ చేస్తోంది. కొస మడిచేటప్పుడు ఆకు జారిపోతుంటే మళ్లీ పట్టుకుంటోంది. నేను వెళ్లినప్పుడు మాట్లాడుతుంది, ఎగతాళి చేస్తుంది, కానీ మాటకూ మాటకూ మధ్య తల దించి వేళ్లను చూసుకుంటుంది. అది చూసినప్పుడల్లా నేను కూర్చున్నచోట కూర్చోలేను.

హేతువాదులారా, సంస్కర్తలారా, కాలేజీల్లో చదువు చెప్పేవాళ్లారా, ఇది మీతోనే. అబద్ధంతో మూఢనమ్మకాన్ని ఓడించినప్పుడు ఆ ఓటమి మూడు రోజులు కూడా నిలవదు, తిరిగి వచ్చేటప్పుడు బలం పుంజుకుని వస్తుంది. దాని దెబ్బ మనకు తగలదు, మనల్ని నమ్మి ముందుకు వచ్చినవాళ్లకు తగులుతుంది. మీరు కూడా ఎక్కడో, ఎవరినో నోరు మూయించడానికి, తెలిసిన నిజంలో సగం దాచి ఉంటారు. మీకు గుర్తుంది. ఈ వాక్యం చదువుతుంటేనే ఆ మనిషి మొహం మీకు కనబడుతోంది. ఫోన్‌లో మెసేజ్ పెట్టకండి, వ్యాసం రాయకండి. వ్యాసం రాయడం సులువు, నేను ఇప్పుడు చేస్తున్నది అదే. లేవండి. ఎవరి ముందు గెలిచారో వాళ్ల వాకిట్లోకే వెళ్లి, ఆ రోజు విన్నవాళ్లందరూ వినేలా "నేను చెప్పింది తప్పు" అనండి. ఈ రోజే అనండి.